జట్టు కూర్పు – పాఠం 4: వేర్వేరు మనుషులు కలిస్తే పని పెరుగుతుందా?

గత పాఠంలో ఒక షిఫ్ట్‌లో పని ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తుందో బాణం గుర్తులతో గీశారు కదా, ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈ పాఠమంతా దాని మీదే.

పైడిభీమవరంలోని ఫార్మా ఫ్యాక్టరీల్లో రణస్థలం కుర్రాడి పక్కనే ఒడిశావాడు, వాడి పక్కన బిహారీ పనిచేయడం మామూలే. ఇలా కలిసి ఉంటే కంపెనీకి లాభమా అని అడిగితే, చాలా ట్రైనింగుల్లో ‘లాభమే’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దానికి ఎక్కువగా చూపించేది కంపెనీలకు సలహాలిచ్చే మెకిన్సీ సంస్థ 2020 నివేదిక. కంపెనీలను పై అధికారుల జాతి వైవిధ్యాన్ని బట్టి వరుసపెడితే, పై పావు వంతులో ఉన్నవి సగటును మించి లాభం తెచ్చుకునే అవకాశం కింది పావు వంతువాటి కన్నా 36 శాతం ఎక్కువని అందులో ఉంది.

ఇలాంటి అంకె కనిపించగానే రెండు ప్రశ్నలు వేయండి. ఏది ముందు, ఏది వెనక? బాగా సంపాదిస్తున్న కంపెనీయే తీరిగ్గా అన్ని రకాల వాళ్లనూ తీసుకుని ఉండొచ్చు. రెండోది, ఇంకొకరు లెక్క వేస్తే అదే వచ్చిందా? జెరెమియా గ్రీన్, జాన్ హ్యాండ్ అనే అమెరికా ప్రొఫెసర్లు ఎస్ అండ్ పీ 500 అనే అమెరికా పెద్ద కంపెనీల జాబితాలోని కంపెనీలతో అలాంటి లెక్కే వేసి 2024లో ప్రచురించారు. వాళ్లకు ఆ సంబంధం కనిపించలేదు. కాబట్టి ఆ అంకె పట్టుకుని రేపటి షిఫ్ట్ వేయకండి.

మనకు పనికొచ్చేది కెన్యాలోని ఒక పూల ప్యాకింగ్ కేంద్రం కథ. యోనాస్ హ్యోర్ట్ అనే ఆర్థికవేత్త దాన్ని పరిశీలించి 2014లో ప్రచురించాడు. అక్కడ ముగ్గురు ఒక జట్టు. ఒకరు గులాబీలు అందిస్తారు, ఇద్దరు గుత్తులు కడతారు. కట్టేవాళ్లకు ఎవరి గుత్తులకు వాళ్లకే కూలి, అందించేవాళ్లకు ఇద్దరి మొత్తం మీద. కట్టేవాళ్లు వేరే తెగవాళ్లయితే అందించేవాళ్లు పూలు తక్కువ ఇచ్చేవాళ్లు, ఒకరు తమ తెగ అయితే వాళ్లవైపు ఎక్కువ తోసేవాళ్లు. తమ కూలి కూడా తగ్గుతుందని తెలిసీ! 2008 మొదట్లో ఎన్నికల గొడవలతో ఈ పక్షపాతం ఇంకా పెరిగింది.

అప్పుడు యాజమాన్యం కూలి పద్ధతి మార్చింది. కట్టేవాళ్లిద్దరికీ ఇద్దరి మొత్తం పని మీద కూలి లెక్కగట్టారు. ఇక ఒకరివైపు ఎక్కువ తోసినా ఆ ఒక్కరికే దక్కేదేం లేదు. కలగలుపు జట్ల ఉత్పత్తి పెరిగింది. మనుషులు వాళ్లే, తెగలూ అవే. మీరు గీసిన బాణాల్లో ప్రతిదాని దగ్గరా ఆగి చూడమనేది ఇందుకే: ఇక్కడ ఒకరు ఇంకొకరి పని ఆపగలరా? ఆపితే ఎవరి కూలి తగ్గుతుంది?

ఉద్యోగుల వైపు నుంచి మాత్రం నేను లాభనష్టాల లెక్క ఒప్పుకోను. ఒక ఆడమనిషికో, వికలాంగుడికో పని ఇవ్వడానికి కంపెనీ లాభం పెరిగి తీరాలనే షరతు అన్యాయం. పని చేయగలిగితే చాలు. తీసుకున్నాక నిలబెట్టుకోవాలి కూడా. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మీ దగ్గర ఉందా, అందులో ఎవరున్నారో లైన్‌లోని ఆడవాళ్లకు తెలుసా, కనుక్కోండి.

అభ్యాసం: పలాసలో ఒక జీడిపప్పు యూనిట్ అనుకోండి. పిక్కలు ఉడకబెట్టడం, కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్. పొట్టు తీసేవాళ్లకు కిలో లెక్కన కూలి. కొట్టేవాళ్ల దగ్గర పప్పు విరిగితే ఆ నష్టం ఎవరి మీద పడుతుంది? కొట్టిన పప్పును పంచేవాళ్లు ఎవరికి మంచిది ఇస్తారు? ఒకసారి అంతా ఒకే ఊరివాళ్లని, ఇంకోసారి రెండు ఊళ్లవాళ్లు ఉన్నారని అనుకుని బాణాలు గీసి, కూలి పద్ధతిలో ఒకే ఒక్క మార్పు రాయండి. ఆ మార్పుతో చురుగ్గా చేసేవాళ్లకు నష్టమేమైనా ఉంటే అదీ రాయండి. కెన్యా పద్ధతికీ ఆ చిక్కు ఉంది, దాటేయకండి.

పాఠం 5లో తెలుగు, ఒడియా, హిందీ కలిసిన లైన్‌లో భద్రతా సూచనలు చెప్పే పద్ధతి చూద్దాం. ఈలోగా మీ షిఫ్ట్‌లో ఎవరికి ఏ భాష చదవడం వచ్చో, ఏది వింటే అర్థమవుతుందో విడివిడిగా రాసి పెట్టుకోండి.