మంగోలియా స్టెప్పీలో (గడ్డి మైదానాల్లో) గెర్ (సంచార పశుపోషకుల గుండ్రటి గుడారం) బసకు బయల్దేరే ముందు

– జూలైయే కదా అని పలచటి బట్టలు సర్దొద్దు. సముద్రం ఎక్కడో దూరం, చాలాచోట్ల ఎత్తు 1,000 మీటర్ల పైమాట. పగలు 30 డిగ్రీలు కాసినా రాత్రికి స్వెట్టర్ కావాలి. జనవరిలోనైతే మైనస్ 30 కూడా మామూలే.

– వసంతంలో దుమ్ము తుఫాన్లు. ముఖానికి గుడ్డ, కళ్లద్దాలు.

– గెర్ తలుపు తట్టరు. దూరం నుంచే "నొహోయ్ హోర్" అని కేకేయాలి. కుక్కను పట్టుకోండి అని అర్థం. కుక్క లేని ఇంటికీ అదే పలకరింపు! గడప తొక్కొద్దు (మన అమ్మమ్మలు చెప్పిందే). ఇచ్చింది కుడిచేత్తో అందుకోండి. పొయ్యిలో చెత్త వేయొద్దు, ఆ నిప్పు వాళ్లకు పవిత్రం. చెట్లు అరుదు కాబట్టి అందులో మండేది ఎక్కువగా ఎండుపేడే.

– శాకాహారులైతే వేసవిలోనే వెళ్లండి: పెరుగు, మీగడ దొరుకుతాయి. చలికాలమంతా దాదాపు మాంసమే. ఐరాగ్, అంటే పులియబెట్టిన గుర్రం పాలు, మొదటిరోజు రెండు గుక్కలు చాలు. కడుపు అలవాటు పడాలిగా.

– మార్మోట్‌ను (నేలలో బొరియల్లో ఉండే పెద్ద ఉడుత జాతి జంతువు) ముట్టుకోవద్దు, తినొద్దు. ప్లేగు సోకవచ్చు.

– పశువుల మేత కోసం కుటుంబాలు మకాం మారుస్తాయి. ఎక్కడున్నారో బయల్దేరే రోజు మళ్లీ ఫోన్ చేసి కనుక్కోండి.