అరవై దగ్గరపడిన బిల్డర్లకు: సమస్య – పరిష్కారం

సమస్య: విజయవాడ దగ్గర పోరంకిలో అమ్ముడుపోని ఫ్లాట్లున్నాయి, గుంటూరు గోరంట్లలో స్థలముంది. ఇంటి ఖర్చుకు మాత్రం కొత్త సైటులో కొనేవాళ్ల అడ్వాన్సు రావాలి.

కారణం: లాభం ఏనాడూ డబ్బుగా ఇంటికి రాలేదు. మీ వాటా ఫ్లాట్లుగా మిగిలింది, అమ్మినవాటి డబ్బు తర్వాతి స్థలానికి అడ్వాన్సుగా పోయింది. ఆగితే పరువు పోతుందన్న భయం కూడా కొంత ఉంటుంది, ఒప్పుకోరు గానీ.

పరిష్కారం: కొత్త డెవలప్‌మెంట్ అగ్రిమెంట్లు (స్థలం యజమానితో వాటాకు కట్టే ఒప్పందాలు) ఆపండి. తర్వాత ఏది అమ్మాలో ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి, ఎందుకంటే అన్నిటికీ ఒకే పన్ను కాదు. మీరు కట్టిన ఫ్లాటు ఖాతా పుస్తకాల్లో అమ్మకపు సరుకుగా ఉంటే దాని మీద లాభం వ్యాపార ఆదాయం. సొంతానికి కొని రెండేళ్లు దాటిన స్థలమైతే దీర్ఘకాలిక మూలధన లాభం, పన్ను 12.5 శాతం. 2024 జూలై 23కి ముందు కొన్నదైతే ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూపడం) 20 శాతం లెక్క కూడా వేయించి, ఏది తక్కువైతే అది కట్టండి. స్థలం మీద లాభంలో 50 లక్షల దాకా ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ అనే ప్రభుత్వ సంస్థల బాండ్లలో పెడితే ఆ మేరకు పన్ను ఉండదు. డబ్బు మాత్రం ఐదేళ్లు కదలదు. సరుకుగా చూపిన ఫ్లాటుకు ఈ వెసులుబాటు లేదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

అరవై నిండాక సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల దాకా వేయొచ్చు, వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది. అరవై దాటిన భార్య పేరున మరో 30 లక్షలు వేయొచ్చు. అయితే ఆ డబ్బు మీరిచ్చిందైతే వడ్డీ మీ ఆదాయంలోనే కలుస్తుంది.

సమస్య: భాగస్వామ్య వ్యాపారం అబ్బాయికి అప్పగించారు. నోటీసులు ఇంకా మీకే వస్తున్నాయి.

కారణం: ఇంట్లో చెప్పుకుంటే తప్పుకున్నట్టు కాదు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా బయటివాళ్లకు మీరూ బాధ్యులే. బ్యాంకుకిచ్చిన వ్యక్తిగత గ్యారంటీ ప్రకటన ఇచ్చినా పోదు.

పరిష్కారం: రిటైర్‌మెంట్ డీడ్ (భాగస్వామ్యం నుంచి తప్పుకున్నట్టు పత్రం) రాయించి, భాగస్వామ్య సంస్థలను నమోదు చేసే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలపండి, గెజిట్‌లోనూ తెలుగు పత్రికలోనూ ప్రకటన వేయించండి. గ్యారంటీ నుంచి విడుదల చేసినట్టు బ్యాంకు దగ్గర కాగితం తీసుకోండి. ఇది చేయకుండా పింఛను పథకాలు వెతకడం నా దృష్టిలో దండగ. రెరా (రియల్ ఎస్టేట్ చట్టం) ప్రకారం ఫ్లాటు అప్పగించాక ఐదేళ్లు నిర్మాణ లోపాల బాధ్యత ప్రమోటర్‌దే, అంటే కట్టి అమ్మిన మీదే, దానికీ కొంత డబ్బు విడిగా ఉంచండి.

సమస్య: ప్రామిసరీ నోటు మీద ఇచ్చిన అప్పులు వసూలు కావట్లేదు.

కారణం: మొహమాటం. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది, కోర్టులో దావా నిలవదు.

పరిష్కారం: గడువులోపే ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకోండి. అక్కడినుంచి మళ్లీ మూడేళ్లు. బావమరిదైనా సరే.

సమస్య: కాంట్రాక్టు పనులకు హామీగా కట్టిన డిపాజిట్లు ఎప్పుడొస్తాయో తెలియదు.

పరిష్కారం: నెల ఖర్చు లెక్కలో వాటిని వేయకండి.