ఇంగ్లీషులో ‘ఎంజాయ్’ అనే మాటను సహజంగా వాడటం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో ఏళ్లుగా ఇంగ్లీషు సంభాషణ నేర్పుతున్నాను. ఉప్పలపాడులో పక్షులను చూసివచ్చిన వారిని ఎలా గడిచిందని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: ‘ఐ ఎంజాయ్డ్ ఎ లాట్’. ఎన్నిసార్లు సరిదిద్దినా మళ్లీ అదే వినిపిస్తుంది.

కావలసినవి రెండే: మాట రికార్డు చేసే ఫోను, ఈమధ్య మీకు నిజంగా నచ్చిన ఒక సంగతి. ముందు దాన్ని తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పుకోండి. ‘బాగుంది’ దగ్గర ఆగకండి. చెరువులోని చెట్ల మీద గూడబాతులా, వాటి పిల్లల గోలా, ఏది బాగుందో తేల్చుకోండి.

ఇక ఇక్కడ నిదానించండి. తెలుగులో ‘బాగా ఎంజాయ్ చేశాం’ అంటే వాక్యం పూర్తయినట్టే. ఇంగ్లీషులో ఆ క్రియకు కర్మ ఉండి తీరాలి. అది లేకపోతే వినేవారికి మాట మధ్యలో తెగినట్టుంటుంది. పక్షులు నచ్చితే ‘ఎంజాయ్డ్’ వెంటనే ‘ద బర్డ్స్’ రావాలి. సంగతి ముందే తెలిసిందైతే ‘ఇట్’ చాలు. మొత్తంగా సరదాగా గడిచిందనాలంటే ‘మైసెల్ఫ్’ చేర్చాలి. హోటల్లో వడ్డించినవారు ‘ఎంజాయ్’ అని ఊరుకుంటారు కదా అని అడుగుతారు. అది ఎదుటివారికి చెప్పే శుభాకాంక్ష. మీ అనుభవం చెప్పేటప్పుడు ఆ వెసులుబాటు లేదు.

కర్మ స్థానంలో ఒక పని వస్తే ‘టు స్విమ్’ కాదు, ‘స్విమ్మింగ్’. ‘ఎంజాయ్డ్’ ముందు ‘వెరీ’ పెట్టకూడదు, ‘రియల్లీ’ పెట్టండి. సరదాగా గడిచిన ప్రయాణాన్ని ‘ఫన్నీ’ అంటే నవ్వు పుట్టించిందనో, వింతగా ఉందనో అర్థం. ‘ఫన్’ అనండి.

‘ఆసమ్’ అసలు వాడకండి. ఇడ్లీకీ అదే, ఇంద్రకీలాద్రి మీద నుంచి కనిపించే కృష్ణకూ అదే అయితే ఆ మాటకు విలువేముంది? కొందరు ముప్పై మెచ్చుకోలు వాక్యాలు ఇచ్చి బట్టీ పట్టమంటారు. నేను ఇవ్వను. బట్టీ పట్టిన పిల్లలు పెళ్లిభోజనాన్నీ, క్రికెట్ మ్యాచ్‌నూ ఒకే వాక్యంతో పొగడటం చూశాను. వివరం ముందు దొరికితే వాక్యం దానంతట అదే కుదురుతుంది.

చివరిగా గొంతు. మనం అక్షరాలన్నిటినీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. ‘ఎంజాయ్’లో బరువు ‘జాయ్’ మీద పడాలి, ‘రియల్లీ’లో మొదట్లో పడాలి. వాక్యాన్ని రికార్డు చేసి వినండి. ‘రియల్లీ’ మిగతా మాటలకంటే పైకి లేచి వినిపించేదాకా మళ్లీ చెప్పండి.