పాత వెండి భరిణె పనితనాన్ని ఎలా గుర్తుపట్టాలి?

చెన్నైలోని తెలుగిళ్లలో అమ్మమ్మల నాటి కుంకుమ భరిణెలు, సున్నపు కాయలు బీరువాల్లో ఇంకా ఉన్నాయి. షావుకారుపేటకు తీసుకెళ్లి తూకానికి వేసేముందు వాటిని ఒక్కసారి తీరిగ్గా చూడండి. తూకంలో పనితనానికి విలువ కట్టరు.

1. మూత తీసి ముందు లోపలివైపు చూడండి. బయట ఉబ్బెత్తుగా ఉన్న దేవుడి బొమ్మ లోపల గుంటగా, సన్నటి సుత్తిపోట్లతో ఎగుడుదిగుడుగా కనిపిస్తే అది చేతిపని. కంసాలి పలచటి రేకును లక్కలాంటి మెత్తటి దిమ్మమీద బోర్లించి, వెనకనుంచి కొట్టి బొమ్మను ఉబ్బిస్తాడు. తర్వాత రేకును తిరగేసి కళ్లు, నగలు, బట్ట మడతలు ముందునుంచి దిద్దుతాడు. అందుకే ఏ రెండు పూరేకులూ అచ్చంగా ఒకేలా ఉండవు. అచ్చులో ఒత్తినదైతే అన్నీ ఒకేలా ఉంటాయి. పోతపోసినది బరువుగా, లోపల చాలావరకు చదునుగా ఉంటుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు దాకా పేరు మోసిన మద్రాసు 'స్వామి' పని ఈ ఉబ్బెత్తు బొమ్మలదే. మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్ ఇలాంటివి అమ్మేది.

2. అడుగున ముద్రలు వెతకండి. నడిచే సింహం ఇంగ్లండు స్టెర్లింగ్ వెండికి గుర్తు, అంటే 92.5 శాతం. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించారని. మన పాత భరిణెలకు చాలావాటికి ముద్రే ఉండదు, అంతమాత్రాన తీసిపారేయకండి.

3. భరిణెమీద నోటితో ఆవిరి ఊదండి. టంకం వేసిన చోట్లు, చెరిపేసిన పేర్లు ఆ మసకలో బయటపడతాయి.

4. వెండా, పూతా అన్న అనుమానం ఉంటే నీళ్లే చెబుతాయి. ముందు భరిణెను తూచండి. వంటింటి డిజిటల్ త్రాసుమీద నీళ్లగిన్నె పెట్టి సున్నా చేయండి. మూత తెరిచిన భరిణెను దారానికి కట్టి, అడుగుకు తగలకుండా, గాలి బుడగలు లేకుండా పూర్తిగా ముంచండి. అసలు బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగించండి. 52 గ్రాముల భరిణెకు 5 వస్తే 10.4, మంచి వెండే. ఇత్తడిమీద పూతైతే 8.5 దగ్గర ఆగుతుంది. రాళ్లు పొదిగినవాటికి, లోపల లక్క నింపినవాటికి ఈ లెక్క కుదరదు.

5. చింతపండు, టూత్‌పేస్టు వద్దు. బొమ్మల సందుల్లోని నలుపే వాటికి లోతునిస్తుంది, దాన్ని ఉంచేయండి. తేలికపాటి సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరాక మెత్తటి నూలుబట్టలో చుట్టండి. రబ్బరు బ్యాండు వేయకండి, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.