సరుకు నౌక లెక్కలు – 4వ పాఠం: స్టేషన్ నుంచి సముద్రం దాకా

ముందు పోయిన పాఠం లెక్క చూసేద్దాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి (మనం స్టేషన్ అనేది దాన్నే) 20 మీటర్ల దూరంలో ఆగిన డ్రాగన్, అంటే అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ వాళ్ళ సరుకు నౌక, సెకనుకి 10 సెంటీమీటర్ల చొప్పున దాని వైపు జరిగితే తాకడానికి 200 సెకన్లు పడుతుంది. రెండో భాగం, అంటే ఆ 200 సెకన్లలో రెండూ కలిసి భూమి చుట్టూ ఎంత దూరం పోతాయి అన్నదానికి 1,500 కిలోమీటర్ల పైచిలుకు వచ్చి ఉండాలి. వచ్చిందా? రాకపోతే వేగం సెకనుకి 7.66 కిలోమీటర్లు అన్నది నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసిపెట్టుకోండి, ఈ రోజంతా దానితోనే పని.

ఇవాళ కిందికి దిగుదాం. ఈ ధారావాహికలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇది, ఎందుకంటే సరుకు నౌక అనగానే అందరూ పైకి మోసుకెళ్ళడం గురించే మాట్లాడతారు గానీ అసలు అరుదైన పని కిందికి తేవడం. పైకి తీసుకెళ్ళే నౌకలు చాలానే ఉన్నాయి. రష్యా ప్రోగ్రెస్ 1978 నుంచీ ఎగురుతోంది, యూరప్ ఏటీవీ 5 సార్లు వెళ్ళింది, జపాన్ హెచ్‌టీవీ 9 సార్లు, అమెరికాకే చెందిన సిగ్నస్ కూడా ఉంది. ఇవన్నీ సరుకు దించేశాక స్టేషన్‌లోని చెత్త నింపుకుని వాతావరణంలో కాలిపోతాయి. 2011 జులైలో స్పేస్ షటిల్ ఆఖరిసారి దిగాక, మనుషుల్ని మోసే రష్యా నౌక సోయుజ్‌లో వాళ్ళతో పాటు పట్టే కొద్దిపాటి సామాను తప్ప కిందికి తేవడానికి దారే లేకపోయింది. 2012 మేలో డ్రాగన్ స్టేషన్‌కి వెళ్ళి తిరిగి పసిఫిక్‌లో దిగినప్పుడు ఆ దారి మళ్ళీ తెరుచుకుంది.

నౌకని మళ్ళీ వాడటం కూడా ఇందులోంచే పుట్టిందని నా అభిప్రాయం. లోపలి సరుకు చెక్కుచెదరకుండా నేల చేరాలంటే దాన్ని మోసే కాప్స్యూల్ కూడా చెక్కుచెదరకుండా చేరాలి కదా. చేరాక దాన్ని మ్యూజియంలో పెట్టాలా, కడిగి మళ్ళీ పంపాలా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

కిందికి తేవడం ఎందుకంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2022 మార్చిలో జర్మన్ వ్యోమగామి మథియాస్ మౌరర్ స్పేస్‌వాక్ ముగించుకుని లోపలికి వచ్చాక చూస్తే హెల్మెట్‌లో నీళ్ళున్నాయి. 2013లో ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో హెల్మెట్ నీళ్ళతో నిండి ప్రాణం మీదకి వచ్చిన సంగతి అందరికీ గుర్తుంది కాబట్టి, నాసా మామూలు స్పేస్‌వాక్‌లు ఆపేసింది. పైన ఉన్నవాళ్ళు ఆ సూట్‌ని ఎంతవరకు విప్పి చూడగలరు? ఆ ఆగస్టులో దాన్ని డ్రాగన్‌లో కిందికి తెచ్చి పరీక్షిస్తే తేలిందేమిటంటే, సూట్‌లో ఏ భాగమూ పాడవలేదు, వ్యోమగామి పడిన శ్రమ, చల్లదనం సెట్టింగులు లాంటివి కలిసి మామూలు కంటే ఎక్కువ చెమ్మ పట్టి నీరైంది. కాలిపోయే నౌకలు మాత్రమే ఉండి ఉంటే ఈ సంగతి ఎప్పటికి తేలేదో. రక్త నమూనాలది ఇంకో కథ. వాటిని పైన మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాస్తారు, అదే చల్లదనంతో ల్యాబ్ దాకా చేరితేనే వాటికి విలువ.

సరే, లెక్కలోకి వద్దాం. 410 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రంగా తిరుగుతున్న నౌకని కిందికి దించాలంటే ఎంత వేగం తగ్గించాలి? మొత్తం 7.66 కిలోమీటర్ల వేగమూ చంపేయాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. ఒక చోట ఇంజన్ మండించి కాస్త వేగం తగ్గిస్తే, నౌక ఒక చుట్టు తిరిగి మళ్ళీ అదే చోటికి, అదే ఎత్తుకి వస్తుంది, కానీ భూమికి అటు పక్క మాత్రం కక్ష్య కిందికి దిగుతుంది. ఆ అటు పక్కని వాతావరణంలో ముంచితే చాలు, మిగతా పని గాలి చేస్తుంది.

ఎంత దిగుతుందో చెప్పే సూత్రం తేలిక. వేగం 1 శాతం తగ్గితే కక్ష్య సగటు దూరం 2 శాతం తగ్గుతుంది. ఇటు పక్క కదలదు కాబట్టి ఆ తగ్గుదలంతా అటు పక్కే పడి 4 శాతం అవుతుంది. అంటే తగ్గించాల్సిన వేగం = వేగం × దిగాల్సిన ఎత్తు ÷ (4 × భూమి కేంద్రం నుంచి దూరం). చిన్న మార్పులకి ఇది బాగా సరిపోతుంది. దూరం అంటే ఎత్తు ఒక్కటే కాదు, భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు కలపాలి, ఇక్కడ తప్పారంటే జవాబు ఎక్కడికో పోతుంది.

పెన్ను తీయండి. అటు పక్క 50 కిలోమీటర్లకి దిగాలనుకుందాం, అంటే 360 కిలోమీటర్లు తగ్గాలి. 7,660 × 360 ÷ (4 × 6,781), వచ్చేది సెకనుకి సుమారు 102 మీటర్లు. మొత్తం వేగంలో ఒకటిన్నర శాతం కూడా కాదు! ఇదే లెక్కని తిప్పి చూస్తే, సెకనుకి 1 మీటరు వేగం మారితే అటు పక్క ఎత్తు 3.5 కిలోమీటర్లు మారుతుంది. ఈ 3.5ని కంఠతా పట్టండి, వచ్చే పాఠంలో మళ్ళీ కావాలి.

ఇప్పుడు ఇంజన్ ఎంతసేపు మండాలో చూద్దాం. డ్రాగన్‌కి డ్రేకో అనే చిన్న థ్రస్టర్లు, అంటే నౌకని తోసే బుల్లి ఇంజన్లు, 16 ఉంటాయి, ఒక్కొక్కటి దాదాపు 400 న్యూటన్ల తోపు ఇస్తుంది. దించడానికి వాడేవి ముక్కు మూత కింద ఉండే నాలుగూ అనుకుంటే 1,600 న్యూటన్లు. నౌక బరువు లెక్క కోసం 10 టన్నులు అనుకుందాం. సెకను సెకనుకీ తగ్గే వేగం 0.16 మీటర్లు, 102ని దానితో భాగిస్తే దాదాపు 640 సెకన్లు, పది నిమిషాల పైమాట. నాసా లైవ్ చూసేటప్పుడు గడియారం పెట్టుకుని సరిచూడండి, 2020లో మనుషులతో వచ్చిన మొదటి డ్రాగన్ కూడా పదకొండు నిమిషాల పైనే మండించింది. మనం కాగితం మీద వేసిన లెక్క నిజం నౌకకి ఇంత దగ్గరగా రావడం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక్కడొక తమాషా ఉంది. బ్రేకు వేశాం గదా, నౌక వాతావరణం అంచుకి చేరేసరికి వేగం తగ్గి ఉంటుందనుకుంటాం. పడుతూ పడుతూ అది పుంజుకుంటుంది, 120 కిలోమీటర్ల ఎత్తు దగ్గర సెకనుకి దాదాపు 7.9 కిలోమీటర్లు! కక్ష్యలో ఉన్నప్పుడే ఒక్కో కిలోలో ఉన్న వేగపు శక్తి 2.9 కోట్ల జౌళ్ళు, 30 డిగ్రీల నీళ్ళు వంద లీటర్లు మరిగించడానికి సరిపోయేంత. నౌకలో ప్రతి కిలోకీ అంత శక్తిని కొన్ని నిమిషాల్లో వదిలించుకోవాలి. అందులో ఎక్కువ భాగం నౌక ముందు నలిగిన గాలిని వేడెక్కించడానికే పోతుంది, అయినా హీట్‌షీల్డ్, అంటే వేడిని ఆపే కవచం, పైభాగం 1,900 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుతుంది.

కాప్స్యూల్ బరువు కేంద్రం కావాలనే కాస్త పక్కకి ఉంటుంది, దానివల్ల అది గాలిలో కొంచెం ఏటవాలుగా నిలిచి, పైకి ఎత్తే బలం పుట్టి, కుదుపు తగ్గుతుంది, ఎటు పోవాలో తిప్పుకోవడానికీ వీలవుతుంది. అందుకే దిగేటప్పుడు ఏ సంచి ఎక్కడ కట్టాలన్నది ముందే లెక్క వేసి వ్యోమగాములకి చెబుతారు.

తర్వాత పారాచూట్లు. సుమారు 5.5 కిలోమీటర్ల ఎత్తులో, గంటకి 560 కిలోమీటర్ల వేగం దగ్గర రెండు చిన్నవి, 1.8 కిలోమీటర్ల దగ్గర నాలుగు పెద్దవి తెరుచుకుంటాయి. పారాచూట్ అనగానే 2015 జూన్ 28 గుర్తొస్తుంది. ఆ రోజు సీఆర్‌ఎస్-7 అనే సరుకు ప్రయాణంలో రాకెట్ పైకి వెళ్తూ విరిగిపోయింది, విచిత్రంగా డ్రాగన్ కాప్స్యూల్ మాత్రం దాన్నుంచి బయటపడి కాసేపు సమాచారం పంపుతూనే ఉంది. కానీ అలాంటి సమయంలో పారాచూట్ తెరవమనే ఆదేశం సాఫ్ట్‌వేర్‌లో లేదు. సముద్రంలో పోయింది. తర్వాతి నౌకల్లో ఆ ఆదేశం చేర్చారు.

ఎక్కడ దిగాలన్నది కూడా పెద్ద తలనొప్పే. పాత డ్రాగన్లు పసిఫిక్‌లో దిగేవి. కొత్త డ్రాగన్ వచ్చాక ఫ్లోరిడా పక్కకి మార్చారు, నమూనాలు హెలికాప్టర్‌లో కెన్నెడీ స్పేస్ సెంటర్‌కి 4 నుంచి 9 గంటల్లో చేరేవి. 2025లో మళ్ళీ కాలిఫోర్నియాకే మారిపోయారు. కారణం ట్రంక్, అంటే కాప్స్యూల్ వెనక ఉండే గొట్టం లాంటి భాగం, దాన్ని మళ్ళీ వాడరు. దాన్ని ముందే వదిలేస్తుంటే నెలల తరవాత ఎక్కడపడితే అక్కడ పడేది, ఆస్ట్రేలియాలో, కెనడాలో పొలాల్లో ముక్కలు దొరికాయి. ఇప్పుడు ఇంజన్ మండించాకే ట్రంక్‌ని వదులుతారు, అది కూడా పసిఫిక్‌లోనే పడుతుంది. నమూనాలు కాస్త ఆలస్యమైనా నేల మీద మనుషుల భద్రతకే ఓటెయ్యడం సరైన పని.

ఇక మళ్ళీ వాడిన లెక్క. 2014లో సీఆర్‌ఎస్-4గా వెళ్ళొచ్చిన కాప్స్యూల్‌నే 2017 జూన్‌లో సీఆర్‌ఎస్-11గా పంపారు. బాడీ, థ్రస్టర్లు, ఇంధన ట్యాంకులు పాతవే. హీట్‌షీల్డ్, బ్యాటరీలు, ఉప్పునీళ్ళు తగిలిన భాగాలు మార్చారు. రాకెట్ మంట కన్నా ఉప్పునీరే ఎక్కువ పని పెట్టిందన్నమాట. కొత్త రకంలో అయితే 2020 డిసెంబరు నుంచి 2025 ఆగస్టు దాకా బయలుదేరిన 13 సరుకు ప్రయాణాలనీ మూడే మూడు కాప్స్యూళ్ళు లాగాయి: ఒకటి 5 సార్లు, ఇంకొకటి 5 సార్లు, మూడోది 3 సార్లు. ఒక్కోసారి 3 టన్నుల దాకా కిందికి తేగలవు.

ఇంటి పని మన ఊరి దగ్గరిదే ఇస్తున్నాను. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి ఇస్రో 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1 అనే కాప్స్యూల్‌ని పంపి, 12 రోజుల తర్వాత బంగాళాఖాతంలో దించి తెచ్చుకుంది. దాన్ని 635 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్య నుంచి ఒకేసారి అటు పక్క 50 కిలోమీటర్లకి దించాలనుకోండి (నిజంగా చేసింది కొంచెం వేరు, ముందు కక్ష్యని మార్చి తర్వాత దించారు). అక్కడి వేగం సెకనుకి 7.54 కిలోమీటర్లు తీసుకుని ఎంత తగ్గించాలో కట్టండి. ఆ పైన 400 న్యూటన్ల థ్రస్టర్ ఒక్కటే ఉందనుకుని ఎన్ని సెకన్లు మండాలో కూడా చూడండి.

వచ్చే పాఠంలో ఇదే సూత్రాన్ని పైకి నడిపిద్దాం: 2024 నవంబరు 8న స్టేషన్‌కి అంటుకుని ఉన్న సరుకు డ్రాగన్ తన థ్రస్టర్లతో 400 టన్నుల పైబడిన స్టేషన్‌నే పైకి తోసింది, దానికి ఎంతసేపు మండాలో మనమే లెక్క కడదాం.