స్టార్టప్ సర్వే నేర్చుకుందాం – 3వ పాఠం: మార్కులు అడక్కండి

ఏ ఊళ్ళో స్టార్టప్ నడపడం ఎంత తేలికో ఫౌండర్లనే, అంటే కంపెనీ పెట్టినవాళ్ళనే, అడిగి పోల్చి చూడటం మన సర్వే పని. పోయిన పాఠంలో ఊళ్ళు తేల్చుకున్నాం కదా: హైదరాబాద్, బెంగళూరు, విశాఖ. ఒక్కో ఊళ్ళో ఇరవై మంది ఫౌండర్ల పేర్లు రాసుకోమన్నాను, కంపెనీ మూసేసుకున్నవాళ్ళు కూడా అందులో ఉండాలన్నాను. ఆ లిస్టు ఇంకా కాకపోతే ముందు అది చేసి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

నేను మొదటిసారి సర్వే చేసినప్పుడు మొదటి ప్రశ్నే ఇలా పెట్టాను: "మీ ఊళ్ళో ఫండింగ్ దొరకడం ఎంత తేలిక? 5కి ఎన్ని మార్కులు?" చూడ్డానికి బానే ఉంది. జవాబులొచ్చాక చూస్తే విశాఖవాళ్ళు సగటున 4 వేశారు, బెంగళూరువాళ్ళు 3. ఆ లెక్కన పెట్టుబడి కావాల్సినవాళ్ళంతా బెంగళూరులో రైలెక్కి విశాఖ వచ్చేయాలి! ఎక్కడో తేడా కొట్టిందని 4 వేసిన ఒకాయనకి ఫోన్ చేసి, ఎంతమంది ఇన్వెస్టర్లని కలిశారండీ అని అడిగితే, "ఎవర్నీ కలవలేదండీ, డబ్బు మా మావయ్య పెట్టాడు" అన్నాడు. 3 వేసిన బెంగళూరు ఆయనేమో నలభై మంది చుట్టూ తిరిగి, ముగ్గురు ఒప్పుకున్నాక, ఆ తిరిగిన విసుగులో వేశాడు. ఇద్దరూ నిజమే చెప్పారు, అడగడం నాకు రాలేదు.

అందుకే ఎలా ఉందని కాకుండా ఏం జరిగిందో అడగాలి: ఎన్ని రోజులు పట్టింది, ఎన్ని రూపాయలయ్యాయి, ఎన్నిసార్లు తిరిగారు. "అద్దెలు ఎక్కువా?" అనేది కొట్టేసి "మొదటి ఆఫీసుకి ఎన్ని నెలల అద్దె అడ్వాన్సుగా కట్టారు, అందులో ఎంతమంది కూర్చునేవారు?" అని రాయండి. బెంగళూరులో ఇల్లు అద్దెకి తీసుకోవడానికే పది నెలల అడ్వాన్సు కట్టిన మనిషికి ఆఫీసుకి ఆరు నెలలంటే చవగ్గానే అనిపిస్తుంది, హైదరాబాద్‌లో ఉన్నవాడు అదే మాట వింటే గుండె పట్టుకుంటాడు. ఆరు మాత్రం ఇద్దరికీ ఆరే. అలాగే "మంచి డెవలపర్లు దొరుకుతున్నారా?" అన్నదాని బదులు, చివరగా తీసుకున్న డెవలపర్ కోసం వెతకడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆ మనిషి వచ్చి సీట్లో కూర్చునే వరకు ఎన్ని రోజులు పట్టిందో, ఈలోపు ఆఫర్ ఒప్పుకుని రాకుండా ఎగ్గొట్టినవాళ్ళెందరో అడగండి. ఈ రెండో ముక్క అడిగితే మాత్రం ఫోన్ పెట్టేయడానికి అరగంట పడుతుంది, టైమ్ చూసుకోండి.

ఇంకో సంగతి. కొన్ని ప్రశ్నలు ఎంత బాగా రాసినా ఊరికీ ఊరికీ తేడా చూపించవు. కంపెనీ రిజిస్ట్రేషన్‌కి ఎన్నాళ్ళు పట్టిందని అందరూ అడుగుతారు. 2020 ఫిబ్రవరి నుంచి అది కేంద్ర ప్రభుత్వపు స్పైస్ ప్లస్ ఫారంలో ఆన్‌లైన్‌లో వేస్తున్నారు, పాన్, టాన్ (జీతాల్లాంటి వాటిలో పన్ను కోసి కట్టడానికి కావాల్సిన నంబరు) కూడా అందులోనే. ఏ ఊరి నుంచి వేసినా ఆ ఫైలు చూసేది హర్యానాలోని మానేసర్‌లో ఉన్న రిజిస్ట్రేషన్ కేంద్రంలోనే. ఇక విశాఖకీ బెంగళూరుకీ పోలికేముంది? తీసేయండి. మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్స్, రాష్ట్ర కార్మిక శాఖ దగ్గర షాపుల చట్టం కింద చేయించే రిజిస్ట్రేషన్, కరెంటు కనెక్షన్... తేడాలు బయటపడేది వీటిల్లో. హైదరాబాద్ వాళ్ళని "ఎకోసిస్టమ్" (స్టార్టప్‌లకి చుట్టూ దొరికే సాయం) ఎలా ఉందని మాత్రం అడక్కండి, వెంటనే స్టార్టప్‌లకి చోటూ సాయమూ ఇచ్చే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టీ-హబ్ గురించి మొదలెడతారు, రాయదుర్గంలో 2022లో తెరిచిన ఆ కొత్త బిల్డింగ్‌లో ఒక్కరోజు కూడా కూర్చోనివాళ్ళతో సహా. అక్కడ సీటు తీసుకున్నారా, ఎన్ని నెలలు అని అడగండి, చాలు.

మార్కులు లేకపోతే కుదరదంటారా? ఒక కిటుకుంది. ఏ దేశంలో వ్యాపారం చేయడం ఎంత తేలికో చెబుతూ ప్రపంచ బ్యాంకు డూయింగ్ బిజినెస్ అని ఒక రిపోర్టు వేసేది, డేటాలో అవకతవకలు బయటపడి 2021 సెప్టెంబరులో ఆపేశారు. దాని చివరి సంవత్సరాల్లో మన దేశం మొత్తానికి ఢిల్లీ, ముంబై మాత్రమే చూశారు, హైదరాబాద్ లెక్కలోనే లేదు. అయినా అందులో ఒక పద్ధతి నాకు నచ్చింది: అన్ని ఊళ్ళవాళ్ళ ముందూ ఒకే ఊహా కంపెనీని పెట్టి అడిగేవారు. దాన్నే మనం కొంచెం మార్చుకుందాం. ముందు అందరికీ ఈ చిన్న కథ చెప్పండి: "ఒకామె ఇద్దరు ఉద్యోగులతో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది. ఆరు నెలల్లో పదిహేను మంది ఇన్వెస్టర్లని కలిస్తే ఒక్కరే 20 లక్షలిచ్చారు. ఆమెకి ఫండింగ్ ఎంత తేలిగ్గా దొరికినట్టు, 5కి ఎంత?" ఆ తర్వాతే వాళ్ళ సొంత సంగతికి మార్కు అడగండి. విశాఖాయన కథకి 4, తనకి 4 వేశాడనుకోండి. బెంగళూరాయన కథకి 1, తనకి 3 వేశాడు. మొదటాయన తన పరిస్థితి ఆమెలాగే ఉందంటున్నాడు, రెండో ఆయన ఆమెకంటే చాలా నయమంటున్నాడు. పైన నన్ను తికమక పెట్టిన 4, 3 ఇలా చూస్తే తిరగబడ్డాయి కదా!

హోంవర్క్: ఆరు ప్రశ్నలు, ఒక కథ రాయండి. తెలిసిన ఫౌండర్ ఒకరికి ఫోన్‌లో చదివి వినిపించండి, మెసేజ్ పెట్టొద్దు. ఆయన "అంటే?" అన్న ప్రతిచోటా గీత గీసుకోండి. మూడు గీతలు దాటితే మళ్ళీ రాయాలి. వచ్చే పాఠంలో, కంపెనీ మూసేసి ఫోన్ ఎత్తనివాళ్ళ చేత ఎలా మాట్లాడించాలో చూద్దాం.