ఇండియాలో సంఘానికి డబ్బు పంపుతున్నారా? లెక్క ఎవరికి చెప్పాలి, ఎప్పుడు ఆపాలి

మన తెలుగు క్రైస్తవ సంఘాలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కాస్త నిలదొక్కుకోగానే మొదలుపెట్టే పని ఇండియాలో ఒక పాస్టర్ గారిని సపోర్ట్ చేయడం. మంచిదే. కాకపోతే ఎలా చేయాలో ఎవరూ కూర్చుని మాట్లాడుకోరు, నెలనెలా డబ్బు వెళ్తుంటుంది, వాట్సాప్‌లో ఫోటోలు వస్తుంటాయి, కొన్నేళ్ళకి ఇక్కడ కమిటీ మారి సపోర్ట్ ఆగిపోతే అక్కడ మందిరం స్లాబ్ దగ్గరే నిలిచిపోతుంది. మిషన్ కమిటీల్లో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

ముందు చట్టం సంగతి చూసుకోండి. అమెరికాలో రిజిస్టర్ అయిన చర్చి అకౌంట్ నుంచి వెళ్ళేది విదేశీ విరాళమే, అందరూ తెలుగువాళ్ళమే కదా అంటే కుదరదు. అందుకని పాస్టర్ గారి పర్సనల్ అకౌంట్‌కి వేయొద్దు, ఎఫ్‌సీఆర్ఏ (ఇండియాలో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థకే పంపాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ అకౌంట్‌లోనే పడాలి, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకి పంచడం కూడా కుదరదు. అంటే "పెద్ద మినిస్ట్రీకి పంపండి, వాళ్ళు చిన్న సేవకులకి ఇస్తారు" అనే పాత పద్ధతి అయిపోయినట్టే. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, కిందటేడు వేసిన ఎఫ్‌సీ-4 రిటర్న్ (విదేశీ విరాళాల మీద ఏటా ప్రభుత్వానికి ఇచ్చే లెక్క) కాపీ అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడితో ఆపేయండి.

తర్వాత అడగాల్సింది "మీకేం కావాలి" అని కాదు, "మీ సంఘం ఇప్పుడు ఎంత ఇస్తోంది" అని. పేదవాళ్ళండీ ఏమిస్తారు అని చాలామంది అంటారు గానీ మిజోరం చూడండి, 1910 నుంచి అక్కడి ఆడవాళ్ళు అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం పక్కన తీసి సంఘానికి ఇస్తున్నారు, ఆ బియ్యం అమ్మిన డబ్బుతో సొంతంగా మిషనరీల్ని పంపుతున్నారు. మన దగ్గర మాత్రం తక్కువా? 1903లో తమిళనాడులోని తిరునల్వేలి క్రైస్తవులు పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ వాళ్ళ కానుకలతోనే మన డోర్నకల్ ప్రాంతానికి మనుషుల్ని పంపింది, ఆ సొసైటీలోంచి వచ్చిన అజరయ్య గారే 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. లెక్క మీరే వేయండి, పిడికెడు 50 గ్రాములు అనుకుంటే రోజుకి రెండు పూటలు, 30 ఇళ్ళు, నెలకి 90 కిలోలు, కిలో 40 రూపాయలు వేసుకున్నా 3,600. పాస్టర్ గారి జీతం మొత్తం కాదు, కానీ సున్నా కూడా కాదు.

దేనికి ఇవ్వాలి, దేనికి ఇవ్వకూడదు అనేది ముందే రాసుకోండి. నా మటుకు నేను జీతానికి ఇవ్వొద్దనే అంటాను, ట్రైనింగ్‌కి, బోరుకి, వరదొచ్చినప్పుడు సాయానికి ఇవ్వొచ్చు. 1890లో నీవియస్ అనే మిషనరీ చైనా నుంచి కొరియా వెళ్ళి అక్కడి కుర్ర మిషనరీలకి చెప్పింది కూడా దాదాపు ఇదే, మందిరం వాళ్ళ డబ్బుతో వాళ్ళు కట్టుకోగలిగినంతే కట్టుకోవాలి, సేవకుణ్ణి వాళ్ళే పోషించుకోవాలి అని. ఇవాళ కొరియా సంఘాలు ప్రపంచమంతా మిషనరీల్ని పంపుతున్నాయి.

జీతమే ఇవ్వాల్సి వస్తే తగ్గించే ప్లాన్ మొదటి రోజే పేపర్ మీద పెట్టండి. మొదటి ఏడు నెలకి 8,000, రెండో ఏడు 6,000, తర్వాత 4,000, 2,000, ఐదో ఏడు ఏమీ లేదు. పాస్టర్ గారికి ఒక్కరికే చెప్తే చాలదు, సంఘం అంతా ఉన్నప్పుడు చదివించండి, లేకపోతే "ఆయనకి అమెరికా డబ్బులొస్తాయిలే" అని కానుక పెట్టెలో పది రూపాయల నోటు వేసి ఊరుకుంటారు.

అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టాల్సింది లెక్కల దగ్గర, స్థలం దగ్గర. రిపోర్ట్ మనకి ఇంగ్లీషులో పీడీఎఫ్ వస్తే మనం సంతోషపడతాం, అది ఆ సంఘంలో ఒక్కరూ చూసుండరు. ఈ పద్ధతిని తలకిందులు చేయండి, లెక్క ముందు వాళ్ళ సంఘానికే చెప్పాలి. కానుకలు ఆరాధన అయ్యాక ఇద్దరు లెక్కపెట్టాలి, ట్రెజరర్ పాస్టరమ్మ గారో వాళ్ళబ్బాయో కాకూడదు, చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి, మొదటి ఆదివారం వచ్చిందీ పోయిందీ తెలుగులో చదివి మందిరం గోడకి అంటించాలి, మనకి ఆ కాగితం ఫోటో తీసి పంపితే చాలు. బయటి డబ్బు కూడా అందులో రాయాలి. తను ఎంత ఇచ్చిందో, మనం ఎంత పంపామో ఆ సంఘంలో కూలికెళ్ళే అక్కకి తెలిస్తే ప్రశ్న ఆవిడే అడుగుతుంది, మనం విమానం ఎక్కి వెళ్ళి ఆడిట్ చేయక్కర్లేదు.

స్థలం ఎవరి పేరు మీద ఉందో డాక్యుమెంట్ చూడకుండా ఒక్క ఇటుకకి కూడా డబ్బు ఇవ్వొద్దు. పాస్టర్ గారి పేరు మీద ఉంటే రేపు అది ఆయన పిల్లల ఆస్తి, ఆయన ఎంత మంచివారైనా సరే. రిజిస్టర్ అయిన సొసైటీ పేరు మీదో ట్రస్టు పేరు మీదో ఉండాలి, అందులో సభ్యులందరూ ఒకే ఇంటిపేరు వాళ్ళయితే మళ్ళీ మొదటికే వచ్చినట్టు.

ఇవన్నీ అడిగితే అయ్యగారు నొచ్చుకుంటారేమో అని మనవాళ్ళకి మొహమాటం. పౌలు గారు కూడా యెరూషలేము కానుక ఒక్కరే పట్టుకెళ్ళలేదు, తన మీద ఎవరూ నింద వేయకుండా తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి పెట్టుకున్నారని రెండో కొరింథీ 8లో ఉంది, అదే చూపించండి. పిల్లల ఫోటోలు మాత్రం అడగొద్దు, ఫోటోకి డబ్బొస్తుందని తెలిస్తే అమ్మానాన్న ఉన్న పిల్లలు కూడా అనాథల లిస్టులోకి ఎక్కుతారు.

ఎప్పుడైనా తేడా వచ్చి ఆపేయాల్సి వస్తే పాస్టర్ గారికి ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, సంఘ పెద్దలందరి పేరునా ఉత్తరం రాయండి, ఎందుకు ఆపుతున్నారో, ఏ నెల నుంచో, మళ్ళీ మొదలవ్వాలంటే ఏం సరిచేయాలో అందులో ఉండాలి.